బాలస్వామి గారి గొంతు చెరిపిన చేతులు

గద్వాల బస్సు బీచుపల్లి దాటుతుండగా ఫోన్ మోగింది. "మేడం, మన లైబ్రరీ సారు పోయిండు. పొద్దుగాల గుండె పట్టుకొని కూలవడ్డడట. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది" అని మా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఊడ్చే యాదమ్మ ఏడ్చింది. మా గ్రంథపాలకులు బాలస్వామి గారు ఇక లేరు. ఆ మహనీయుణ్ణి స్మరించే అర్హత అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకునే నాకు లేదు. అయినా రాస్తున్నాను.

తిమ్మాజిపేట దగ్గర కూలీ కుటుంబంలో పుట్టి, తల్లిదండ్రులు వలసపోయిన చోటల్లా బడి మారుతూ చదువుకున్న విద్వాంసుడాయన. ఆన్‌లైన్‌లో పరిశోధన పత్రాలు కోకొల్లలుగా ఉన్నా, మా పిల్లలకు వాటిని తెరిచే దారి తెలియదు. కల్వకుర్తి నుంచి వచ్చే పిల్ల సాయంత్రం బస్సు అందుకోవాలి, గ్రంథాలయంలో కూర్చునే తీరిక ఏదీ? అందుకే ఆయన సొంత ఫోనుతో చిన్న చిన్న వీడియోలు తీసి గ్రంథాలయం ఛానెల్‌లో పెట్టారు. పత్రం ఎట్లా వెతకాలి, దేన్ని నమ్మాలి, ఒకరి మాట వాడుకుంటే వారి పేరెట్లా చెప్పాలి, అన్నీ పాలమూరు మాటలోనే.

ప్రతి వీడియోనూ ముందుగా యాదమ్మకు చూపేవారు. ఒకనాడామె, "సారూ, ఆడ నొక్కు, ఈడ నొక్కు అంటివి. తప్పు నొక్కితే ఎనకకు ఎట్ల రావాల్నో చెప్పకపోతివి" అంది. ఆయన పగలబడి నవ్వి మొత్తం మళ్లీ తీశారు. "గామె అడిగినంకనే నాకు తెలిసింది మేడం, అసలుదే ఇడిచిపెట్టిన" అన్నారు నాతో.

వేరుశనగ తెగులు మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి ఆయనతో అన్న మాట నేను విన్నాను. "చేన్ల అమ్మతోని పనిచేసుకుంట మీ వీడియోలు జూస్త సార్. ఎన్నిసార్లు తిప్పి ఏసినా మీరు ఇసుక్కోరు." ఆయన కళ్లు చెమర్చాయి.

అటువంటి మనిషికి మేమేం చేశాం? తనిఖీ బృందం వస్తోందని కమిటీ వేశారు. "ఈ భాషేంది? బయటోళ్లు చూస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడొక పెద్దమనిషి. ఆయనదీ ఈ గడ్డే, నాగర్‌కర్నూలే! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. వీడియోలన్నీ తీసేసి ఇంగ్లీషులో కొత్తవి చేయించాలని తీర్మానించారు. దాని మీద సంతకం చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. నా పదోన్నతి దస్త్రం ఆ పెద్దమనిషి బల్ల మీద ఉంది మరి. ఛీ, నా బతుకు!

బాలస్వామి గారు నా గదికి వచ్చారు. కోపగించినా బాగుండేది. "తీసేస్తే తీసేయిండ్రి మేడం. పిల్లలు దించుకునేదాంక జర ఆగమనుండ్రి. నా తాన కూడ లెవ్వు" అన్నారు. ఫోను నిండినప్పుడల్లా, ఛానెల్‌లో ఉన్నవే కదా అని తన ప్రతులు చెరిపేసుకున్న అమాయకుడు! సంస్థను అంతగా నమ్మారు. సరేనన్నాను గానీ ఎవరినీ అడగలేదు. ఆ వారంలోనే అన్నీ మాయమయ్యాయి. కొత్తవి తళతళలాడుతూ ఉన్నాయి, చూసే దిక్కు లేదు.

నిన్న సంతాపసభలో ఆ పెద్దమనిషే గద్గదస్వరంతో, "ఆ మహానుభావుని గొంతు ఒక్కసారి వినిపించండి. వీడియో ఏదైనా వేయండి" అన్నాడు. వెనక నుంచి యాదమ్మ లేచింది. "యాడున్నయ్ సారూ? మీరే తీసేపిస్తిరి గద!"

ఖాళీ అయిన కుర్చీలోకి రేపు ఎవరో ఒకరు వస్తారు. మా పిల్లల మాటలో మా పిల్లలకు పరిశోధన నేర్పిన ఆ గొంతు మాత్రం ఇక రాదు. ఆ కుటుంబానికి, ఆ పిల్లలకు చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

సభలో యాదమ్మ అట్లా అడిగినప్పుడే నేనూ లేచి నిజం చెప్పాల్సింది. ఈలోగా మౌనం పాటిద్దామన్నారు. అందరికంటే బాగా పాటించింది నేనే.