గోడ మీది పన్ను రసీదు

చొప్పదండి పక్క ఊళ్లో మూడెకరాల మక్కచేను ఎండిపోయిన ఓదెలు జిల్లాలోకెల్లా గొప్ప పన్నుదారు. పెద్దపల్లి విత్తనాల సేటు అతణ్ని తన కంపెనీకి ఉత్తుత్తి డైరెక్టర్‌ను చేసి, తన లాభంలో కొంత అతని పేరు మీద చూపించి ఆదాయపు పన్ను కట్టాడు. ఓదెలుకు దక్కింది ఆ రసీదొక్కటే. దానికి పటం కట్టించి దేవుళ్ల పక్కన వేలాడదీశాడు. సర్కారు తన పన్నుతోనే నడుస్తోందని హోటల్లో చెబుతుంటే వినేవాళ్ల చాయ్ చల్లారేది, ఓదెలు నోరు చల్లారేది కాదు.

కరువు సాయానికి వచ్చిన అధికారి, నెర్రెలిచ్చిన చేను చూసి ఓదెలు పేరు రాసుకున్నాడు. ఆ సాయం వస్తేనే యాసంగి పంటకు విత్తనాలు. నోరు మూసుకుంటే సరిపోయేది.

"జర ఇంట్లకు రా సారూ, నేనెవలో సూద్దువు" అని తీసుకుపోయి పటం చూపించి, తాను కంపెనీ డైరెక్టర్‌నని చెప్పుకున్నాడు.

అధికారి చదివి, పేరు కొట్టేశాడు. "పన్ను కట్టెటోళ్లకు సాయం రాదు, డైరెక్టర్ సాబ్."

"నేను కట్టలే సారూ! సేటు కట్టిండు!"

"రసీదు మీద పేరు నీదే గద."

పక్క చేను దున్నుకునే అతని తమ్ముడికి సాయం వచ్చింది. ఆరోజు ఓదెలు అన్నానికి కూర్చుంటే, భార్య లచ్చవ్వ పటం దించి కంచంలో పెట్టింది.

"తినుండ్రి సాబ్. సర్కారును సాకెటోళ్లకు గిదే బువ్వ."