పాటల అక్క తియ్యమన్న తలుపు

పాటల అక్క పోయారని పొద్దున్నే కాకినాడ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను గానీ చేతికి పని తోచలేదు.

తొంభైలలో దోహాలో ఉన్న మా తెలుగు క్రైస్తవులందరికీ ఆవిడ పాటల అక్కే. పెళ్ళికి ముందు మద్రాసులో పేరుమోసిన సొప్రానో. ఆడవాళ్ళ గొంతుల్లో అన్నిటికంటే పైన పలికేది అది. ఒపెరా అంటే మన పద్యనాటకంలా కథంతా పాటలో నడిచేది. అందులోని పాటలు ఆవిడ పాడుతుంటే జనం టిక్కెట్టు కొని వినేవారు. తర్వాత భర్త ఉద్యోగంతో ఖతర్ వచ్చి, ఒక కంపెనీలో టైపిస్టుగా చేరారు.

అప్పట్లో ఆ దేశంలో చర్చికి అనుమతి లేదు. శుక్రవారం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో వాళ్ళ విల్లా ముందుగదిలో ప్రార్థన. వీధిలోకి వినపడకూడదని కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్ళం. పాట కాస్త పైకి లేస్తే చాలు, తలుపు దగ్గర కూర్చునే భీమవరం అన్నయ్య లేచి గడియ చూసి వచ్చేవాడు. అక్క సగం గొంతుతోనే మాకు పాటలు నేర్పేవారు. నేను అరిస్తే, "గట్టిగా ఎవరైనా పాడతారే. మెల్లిగా పాడినప్పుడే తెలుస్తాది ఊపిరుందో లేదో" అనేవారు. గొంతుకని గోరువెచ్చని నీళ్ళే తాగేవారు, ఆవకాయ మాత్రం మానేవారు కాదు. అదేంటక్కా అంటే, "గొంతు కోసం నాలిక్కి ఉపవాసమా?" అని నవ్వేవారు. ఊపిరి పట్టడం నాకు నేర్పింది ఆవిడే.

ఒకసారి ఆవిడ కంపెనీ పెద్దలు, హోటల్లో జరిగే కచేరీలో ఒపెరా పాట పాడమని అడిగారు. సంతోషిస్తారనుకుంటే వారమంతా ఆవిడకి అన్నం సహించలేదు.

"ఇన్నేళ్ళు నొక్కిపెట్టాను కదే. ఇప్పుడు రమ్మంటే వస్తాదో రాదో" అన్నారు. ఆవిడ అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

కచేరీ సాయంత్రం మేమంతా వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాం. పాట మెల్లిగా మొదలై మెట్టు మెట్టుగా ఎక్కింది. పైస్థాయి అందుకోబోతుండగా భీమవరం అన్నయ్య అలవాటు కొద్దీ లేచి, హాలు తలుపు దభాలున మూసేశాడు. అందరూ వెనక్కి తిరిగారు. అక్క పాట ఆగిపోయింది. మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్క నవ్వారు. అంతమంది దొరల ముందు తెలుగులోనే అన్నారు: "తలుపు తీసెయ్యి తమ్ముడూ. ఇవాళ పరవాలేదు."

మళ్ళీ అందుకున్నారు. వచ్చింది ఆ గొంతు. ఇన్నేళ్ళూ మేం విన్నది అందులో పిసరంతేనని అప్పుడు తెలిసి ఏడ్చేశాను. కళ్ళు తుడుచుకుని పక్కకి చూస్తే, అన్నయ్య తలుపును బార్లా తెరిచి, మళ్ళీ మూసుకుపోకుండా వీపు ఆనించి నిలబడ్డాడు. బయట వరండాలో టీ కప్పుల ట్రేలు మోస్తున్న హోటల్ పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి వింటున్నారు.