సుగుణమ్మ సిస్టర్ చెప్పిన తూకం

మనిషి ఎదురైతే ముందు మొహం చూడటం లోకాచారం. నేను పాదాలు చూస్తాను. ఈ అలవాటు వల్ల నన్ను చెప్పుల దొంగ అనుకున్నవాళ్లే గాని, మర్యాదస్థుడు అనుకున్నవాళ్లు తక్కువ. మొన్న విస్సన్నపేట నుంచి తిరువూరు వస్తుంటే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. ముందు సీటు కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, దాని మీదికి వంగి ఊపిరి తీస్తున్నాడు. తీసినప్పుడల్లా కుండ అడుగున నీళ్లు కాగుతున్నట్టు సన్నని గుడగుడ. ఆ చప్పుడు వినగానే వంగి ఆయన పాదాలు చూశాను. చెప్పు పట్టీ పాదంలోకి దిగబడిపోయి ఉంది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"పాత చెప్పులేనండి, ఎందుకూ పనికిరావు" అన్నాడు.

"చెప్పులు కాదు సార్, వాపు. ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"మీరు డాక్టరా?"

"ఏడో తరగతండి. అదీ పూర్తి చేయలేదు."

ఆయన నవ్వబోయి దగ్గాడు. దిగేలోపు బతిమాలి, బెదిరించి, రేపు ఆసుపత్రికి వెళ్తానని మాట తీసుకున్నాను. వెళ్లాడో లేదో తెలియదు. ఇంటికొచ్చాక కూడా ఆ గుడగుడ చెవుల్లోంచి పోలేదు. అది నేను మొదట విన్నది మా నాన్న గుండెల్లో. దాన్ని ఎలా వినాలో నేర్పింది సుగుణమ్మ సిస్టర్.

డెబ్భైల్లో మాట. మా ఊరి ఆసుపత్రిలో ఆమె నర్సు. పొట్టి మనిషి, గట్టి గొంతు. నేను మిరపకాయల కమీషను కొట్లో కాటా వేసేవాణ్ణి. బస్తా ఎక్కించడం, రాళ్లు పెట్టడం, తూకం పైకి అరవడం, మధ్యలో రైతుల్ని నవ్వించడం నా ఉద్యోగం. మా నాన్న ఇన్నయ్య జీవితమంతా ఆసాముల పొలాల్లో పనిచేసినవాడు. ఆ ఏడు కోతల తర్వాత ఆయనకు ఆయాసం పట్టుకుంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు. వయసు మీద పడిందన్నాం, దుమ్ము పడలేదన్నాం. ఒక పొద్దున పెదాలు నీలంగా మారేసరికి రిక్షాలో వేసి తీసుకెళ్లాం. రిక్షాలో అమ్మ ఆయన్ని ఒళ్లోకి లాగి పడుకోబెట్టాలని చూస్తుంది, ఆయన తోసేసి లేస్తాడు. "పడుకోవయ్యా, అలుపు తీరుద్ది" అని అమ్మ ఏడుపు.

ఆసుపత్రి వరండాలోంచే సిస్టర్ కేకేసింది. "పడుకోబెట్టకండి! ఆయన్ని చంపుతారా ఏంటి?"

మంచం తలవైపు చెక్క ఎత్తి, దిండ్లు పేర్చి, నాన్నను నిటారుగా కూర్చోబెట్టింది. కాళ్లు కిందికి వేలాడేసింది. డాక్టరు గారొచ్చి సూది వేసి, గుండె అలిసిపోయిందనీ, ఒంట్లో నీరు తోడలేకపోతోందనీ, అది ఊపిరితిత్తుల్లో నిలిచిపోయిందనీ చెప్పారు. నాకు నోరు ఊరుకోదుగా. "ఇంజను ఆగిపోయిన బోరా అండి మా నాన్న?" అన్నాను. డాక్టరు గారు నవ్వారు. సిస్టర్ నవ్వలేదు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నీ చేతులు వణుకుతున్నాయి జోజప్పా. పోయి మొహం కడుక్కునిరా. జోకులు తర్వాత వేద్దువు" అంది. నా జోకుల కింద ఏముందో కనిపెట్టిన మొదటి మనిషి ఆమె.

వార్డులో ఉన్నన్నాళ్లూ నాన్న ఒకటే మాట. తిండి అడగలేదు, బీడీ అడగలేదు. "ఒరేయ్ జోజీ, ఒక్కసారి వెల్లకిలా పడుకుని నిద్రపోవాలనుందిరా" అనేవాడు. కూర్చునే కునికి, తల వాలగానే ఉలిక్కిపడి లేచేవాడు. సిస్టర్ వచ్చి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కేది. వేలు తీసినా గుంట అలాగే ఉండేది. మెడ దగ్గర ఉబ్బిన నరం చూసేది, వీపు మీద గొట్టం పెట్టి వినేది. నేను ఆమె మొహం చదవాలని చూసేవాణ్ణి. ఆ మొహం మీద ఏమీ రాసి ఉండేది కాదు. దాంతో నాకు భయం ఇంకా పెరిగేది.

కాస్త తేరుకున్నాక ఇంటికి పంపుతూ, చప్పిడి తిండే పెట్టమని అమ్మకు చెప్పి, ఆమె నాకో పని అప్పగించింది. "రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు, ఒకే పంచె మీద మీ నాన్నను తూయాలి. బరువు పెరిగితే వెంటనే నాకు చెప్పాలి."

"మా దగ్గరున్నది మిరపకాయల కాటా అండి."

"మంచిది. తుమ్మకుండా తూయి."

అలా మా నాన్న రోజూ కొట్టు తెరిచే వేళకు కాటా చెక్క మీద గొలుసులు పట్టుకుని కూర్చునేవాడు. అవతలి చెక్క మీద నేను రాళ్లు పేర్చేవాణ్ణి. మనిషిని తూస్తే దిష్టి తగులుతుందని అమ్మ శాపనార్థాలు పెట్టేది. కొట్టు యజమాని శేషయ్య గారు రోజూ ఆటపట్టించేవాడు.

"ఏం ఇన్నయ్యా, సరుకు బాగుందా? తాలు ఎంతుంది?" రంగు పోయిన కాయల్ని తాలు అంటాం.

"అంతా తాలేనండి. కొనేవాడు లేక కొడుకు మోస్తన్నాడు" అనేవాడు నాన్న.

అందరం నవ్వేవాళ్లం. నేను మాత్రం ముల్లు మీదినుంచి కళ్లు తిప్పేవాణ్ణి కాదు.

కొన్నాళ్లు ముల్లు కదల్లేదు. తర్వాత రోజూ కొంచెం పెరగడం మొదలైంది. అప్పుడే గంపలగూడెం నుంచి మా మేనమామ చూడ్డానికొచ్చాడు. "బావకు కళొచ్చిందే! బుగ్గలు నిండినై" అన్నాడు. అమ్మ మురిసిపోయింది. మా వాళ్ల లెక్కలో ఎముకలు తేలితే రోగం, ఒళ్లు నిండితే ఆరోగ్యం. సిస్టర్ చెప్పిన మాట నాకు గుర్తుంది గాని, ఇంటిల్లిపాదీ సంతోషిస్తుంటే, పెరిగింది కండే అయుంటుందని నాకూ నమ్మాలనిపించింది. అయినా ఆసుపత్రికి వెళ్లాను. వెళ్లి, పళ్లికిలిస్తూ చెప్పాను. "సిస్టరు గారూ, మీ పేషెంటు పెళ్లికొడుకులా తయారయ్యాడండి. రోజుకింత పెరుగుతున్నాడు!"

చేతిలోని గిన్నె కింద పెట్టి, ఇంకో నర్సుకు పని అప్పజెప్పి, ఆమె నాకన్నా ముందు మా ఇంటివైపు నడిచింది.

నాన్న గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. సిస్టర్ కాలు నొక్కింది. వేలు సగం దిగింది. "ఇది కండ కాదమ్మా, నీరు" అంది అమ్మతో. "ఏం పెడుతున్నావు?"

నాన్నే చెప్పాడు. "దాన్నేం అనకండమ్మా. రోజూ ఆవకాయ కలిపి పెడతంది. చప్పిడి కూడు గొంతు దిగట్లా."

"చప్పిడి పెడితే రేపోమాపో పోయేవాడికి పెట్టినట్టుంటదమ్మా" అని అమ్మ భోరుమంది. "నా చేత్తో అట్టా ఎట్టా పెట్టను?"

తిడుతుందనుకున్నాను. సిస్టర్ అమ్మ భుజం మీద చెయ్యేసి, "ఉప్పు వెంట నీళ్లు నిలుస్తాయమ్మా. నీకెవరూ సరిగ్గా చెప్పలేదు. నేనే విడమర్చి చెప్పాల్సింది" అంది.

మళ్లీ ఆసుపత్రి. డాక్టరు గారు నీళ్లు తీసే సూది వేసి, దీనికి లొంగకపోతే బెజవాడ తీసుకెళ్లాల్సిందేనన్నారు. దారిలో ప్రాణం నిలుస్తుందో లేదో తెలియదు. మంచం పక్కన మూత్రం పాత్ర పెట్టుకుని కూర్చున్నాను. తండ్రి ఒంటికి పోసుకోవాలని దేవుణ్ణి అంతగా వేడుకున్న కొడుకు కృష్ణా జిల్లాలో ఇంకొకడు ఉండి ఉండడు. నాన్న గుండెల్లో గుడగుడ, బయట చెట్టు మీద కాకి. ఒక్క జోకూ రాలేదు. చివరికి పాత్ర చప్పుడైంది. సిస్టర్ దాన్ని వెలుగులోకి ఎత్తి, గీతల సీసాలోకి వంచి చూసి, మొదటిసారి నా ముందు ఊపిరి వదిలింది. అప్పుడు తెలిసింది, అప్పటిదాకా ఆమె కూడా బిగబట్టుకునే ఉందని.

ఇంటికి పంపిన మర్నాడు ఆమె మా పొయ్యి దగ్గర కూర్చుంది. వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిరప వేయించి దంచి, నిమ్మకాయ పిండి, ఉప్పు రవ్వ లేకుండా అన్నంలో కలిపింది. మొదటి ముద్ద తను తింది, రెండోది అమ్మకు పెట్టింది. అమ్మ నమిలి, "ఉప్పు లేదు గానీ పగ తీర్చుకునేంత కారం ఉంది" అంది. ఆవకాయ జాడీ పక్కింటికి వెళ్లిపోయింది.

ఒక మధ్యాహ్నం కొట్టు నుంచి వచ్చేసరికి నాన్న పందిట్లో మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. పరుగెత్తి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను.

"బతికే ఉన్నాన్రా. పోయి నీ పని చూసుకో, నిద్ర చెడగొట్టమాక" అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఆ తర్వాత ఎంతమందిని తూశానో. ఊళ్లో ఎవరికి ఆయాసం వచ్చినా, ఆసుపత్రి నుంచి రాగానే మా కాటా ఎక్కేవారు. భయపడ్డప్పుడు నవ్వించడం నాకు పుట్టుకతో వచ్చింది. భయపడుతూనే కళ్లు తెరిచి చూడటం మాత్రం ఆమె నేర్పింది. ముల్లు మంచికి పెరిగిందో చెడుకు పెరిగిందో, చూసేవాడి కోరికను బట్టి ఉండదని నాకు ఇప్పటికీ రోజూ చెప్పుకోవాల్సి వస్తుంది.

నాన్న ఇంకో రెండు మిరప పంటలు చూశాడు. గుండె ఎంతకని తోడుతుంది? ఒక తెల్లవారుజామున అమ్మ లేపబోతే లేవలేదు. సమాధి పని ముగిశాక సిస్టర్ ఇంటికొచ్చింది. నాకు ఏడవటం చేతకాక నోటికొచ్చింది అన్నాను.

"మన కాటా ఓడిపోయిందండి సిస్టరు గారూ. అన్నాళ్లు తూచి తూచి ఏం సాధించాం?"

"ఎలా పోయాడయ్యా?" అంది.

"నిద్రలోనేనండి. చెయ్యి తల కింద పెట్టుకుని, అలా పడుకునే..."

"పడుకునే పోయాడుగా? మరి ఏం సాధించామని అడుగుతావేంటి?"