సంచి లేని నడక

మా అత్త సుందరవల్లికి యాభై ఎనిమిదేళ్లు. గాంధీపురం వెనక వీధిలో మా ఇల్లు, ముందుభాగంలో మామ జవుళి కొట్టు. నేను ఆ ఇంటి కోడల్ని, భువనేశ్వరిని. ఇదంతా కోపంతోనే చెబుతున్నాను. కోపం తగ్గేదాకా ఆగితే చెప్పనేమో.

పోయిన ఆడి మాసంలో, అంటే ఆషాఢం రోజుల్లో, అత్త కాలి బొటనవేలు మొద్దుబారింది. షుగరు. రోజూ నలభై నిమిషాలు నడవకపోతే కాలికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. అత్త ముఖం పాలిపోయింది. వాళ్లమ్మ వల్లియమ్మాళ్‌కు ఇదే జబ్బుతో పాదం తీసేశారు. ఆ కాలికి కట్లు మార్చింది అత్తే.

ఇంటికొచ్చి చెబితే మామ వెంకటరామన్ నవ్వాడు.

"వంటిల్లు, మిద్దె, పెరడు. దినమంతా నడస్తానే ఉండావు గదా. ఇంకా ఏమిటికి నడక?"

ఆయన మాత్రం ఇరవై ఏళ్లుగా తెల్లబూట్లు వేసుకుని, తోటి కొట్టువాళ్లతో పార్కు చుట్టూ తిరిగి, నెయ్యి దోసె తిని వస్తాడు. ఏమిటికని ఆయన్ను ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది.

తమిళనాట స్థిరపడిన మా తెలుగువాళ్లలో ఆడమనిషి వీధిలో కనబడితే చాలు, ఎదురింటామె నుంచి పూలమ్మేవాడిదాకా "యాడికి?" అని అడుగుతారు. గుడికనో కడకనో, అంటే అంగడికనో, చెప్పాలి. "సుమ్మా" అనకూడదు. సుమ్మా అంటే ఊరికే. తమిళంలోంచి వచ్చి మా ఇంటి తెలుగులో కలిసిపోయిన మాట. మగవాళ్లు రోజుకు పదిసార్లు అంటారు. ఆడది ఊరికే నడిస్తే మాత్రం అది ఊరు తిరగడం!

అందుకని అత్త ఒక ఖాళీ గుడ్డసంచి చేతికి తగిలించుకుని, ఏదో కొనడానికన్నట్టు నడిచేది. మొదటివారం మోకాళ్ల నొప్పికి ఏడ్చింది. మూడోవారానికి గోడ పట్టుకోకుండా మిద్దె ఎక్కింది. హాయిగా నిద్ర పడుతోందని నాతో చెప్పి సిగ్గుపడింది. హాయిగా ఉండటానికి కూడా సిగ్గే.

ఆ సంచి మామ కంట పడింది. "ఎట్లాగూ కడకి పోతా ఉండావు గదా, పది కొబ్బరికాయలు తీసుకురా." మర్నాడు ఐదు కిలోల ఉల్లిగడ్డలు. నడక కాస్తా మోతబరువై కూర్చుంది. మోకాలు మళ్లీ వాచింది. అత్త మానేసింది. పదిరోజులకు చెప్పు కరిచి బొటనవేలు పుండైతే ఆమెకు తెలియనేలేదు. నేల మీది నెత్తురు మరక నేను చూశాను.

అరిచాను. మామ మీద కాదు, అంత ధైర్యం నాకేది? అత్త మీదే అరిచాను.

"ఆ సంచి ఏమిటికి పట్టుకున్నారు అత్తా? కాలు మీది కాదా?"

అలా అరిచినందుకు నామీద నాకే ఇంకా కోపం.

పుండు మానిన మర్నాడు పొద్దున అత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, డాక్టరమ్మ చెప్పిన మెత్తటి చెప్పులు వేసుకుంది. మామ బూట్ల లేసు కట్టుకుంటున్నాడు.

"యాడికి? సంచి లేదే?"

అత్త మేకుకున్న సంచి తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఉల్లిగడ్డలు మీరే తీసుకురండి. ఎట్లాగూ పోతా ఉండారు గదా."

గేటు దాటుతుంటే ఎదురింటామె కూడా అడిగింది, యాడికని.

"సుమ్మా," అంది అత్త, వీధంతా వినబడేట్టు.