మిరియాలకు పట్టిన రంగు

మా మేనమామని అందరూ మాటల మాస్టారు అనేవాళ్లు. ట్యుటోరియల్లో స్పానిష్ చెప్పేవాడు. మాటకు అర్థం చెప్పి ఊరుకోవచ్చుగా? అబ్బే! అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి నోళ్లలో పడి అరిగింది, అంతా చెప్పాల్సిందే. ఎదుటివాళ్లు ఆవలించినా ఆయనకు పట్టదు.

మా నాన్నది మిరియాల కొట్టు. సాయంత్రమైతే మావయ్య వచ్చి అక్కడ స్టూలు మీద చేరేవాడు. నాన్నకి ఒళ్లు మండేది. అమ్మకి ఒక్కగానొక్క అన్నయ్య కదా, ఏమీ అనలేకపోయేవాడు.

ఓ రోజు కొట్టు కిటకిటలాడుతోంది. మావయ్య ఆగలేకపోయాడు. "స్పానిష్‌లో మిరియాల్ని పిమియెంతా అంటారండీ. దాని మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ ఆ మాటకి అర్థం రంగులు. పోనుపోను మసాలా దినుసులకి వాడారు, చివరికి మిరియాల దగ్గర ఆగింది" అన్నాడు.

లాటిన్ ఎవడిక్కావాలి? రంగు అన్న ముక్క పట్టుకుని ఇళ్లకు పోయారు. మర్నాటికల్లా మేం మిరియాలకు రంగు వేస్తున్నామన్నారు. ఆ మర్నాటికి బొప్పాయి గింజలకు నల్లరంగు పూస్తున్నామని తేల్చేశారు. సొంత బావే బయటపెట్టాడట, ఇంకేం సాక్ష్యం కావాలి? నాన్న మిరియాలు నీళ్లలో నానబెట్టి చూపించినా ఒక్కరూ నమ్మలేదు. కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. హోటళ్లవాళ్లు కూడా మొహం చాటేశారు.

అమ్మ మావయ్య గదికి వెళ్లింది. ఆ పిమియెంతా కథంతా ఉత్తదని నలుగురిలో చెప్పమంది.

"నిజమే కదమ్మా అది" అన్నాడాయన.

"నిజమేలే అన్నయ్యా. కొట్టు మూతబడితే పిల్లల్నేసుకుని నేనెక్కడికి పోను?"

పొద్దున్నే పాల బూత్ క్యూ ముందు నిలబడి, ఆ కథ తనే అల్లాననీ, ఆ మాటకీ రంగుకీ ఏ సంబంధమూ లేదనీ చెప్పాడు మావయ్య. క్యూలో ఉన్న నాకు ఏడుపొచ్చింది. జనం మాత్రం ఠక్కున నమ్మేశారు. ఇన్నేళ్లలో ఆయన చెప్పిన ఏ నిజానికీ అంత మర్యాద దక్కలేదు. సాయంత్రానికి కొట్లో మళ్లీ తోపులాట.

ఆ తర్వాత ఓ రోజు పాఠంలో ఆ మాటే వచ్చింది. నేనూ ఆ క్లాసులోనే ఉన్నాను. మావయ్య దాన్ని బోర్డు మీద రాసి, మాకేసి తిరిగి, "ఇదెక్కడ పుట్టిందంటే..." అని మొదలుపెట్టాడు.

ముందు బెంచీ అమ్మాయి నవ్వింది. "అది మీరు అల్లిందేగా సార్?"

మావయ్య నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"అవునమ్మా" అన్నాడు. "మిరియాలు అని రాసుకోండి. చాలు."