కొబ్బరి చెక్కా, పై కోర్టూ

ఇక్కడ బర్మాలో, సేక్కాన్ రేవు దగ్గర ఫుట్‌పాత్ మీద బస్సు కోసం నిలబడ్డ నన్ను కంటైనర్ లారీ వెనక్కొచ్చి గుద్దింది. కుడి మోకాలు పోయింది. ముందు బండి ఒక కంపెనీది, వెనక తగిలించిన ట్రైలర్ ఇంకొక కంపెనీది. తప్పు మాది కాదంటే మాది కాదన్నారు. నేనే రోడ్డు మీదికి దిగానని మాత్రం ఇద్దరూ కలిసి అన్నారు. అది అబద్ధమని కోర్టు చేత రాయించాలి. నాకు కావలసింది అదొక్కటే.

టౌన్‌షిప్ కోర్టు చుట్టూ ఏడాదిన్నర తిరిగాను. సరిగ్గా నేను సాక్ష్యం చెప్పాల్సిన రోజునే రెండు కంపెనీలూ కలిసి పెట్టుకున్న లాయరు కేసుని పై కోర్టుకి మార్పించుకున్నాడు.

"పెద్ద కోర్టు, ఊలే, మీకే మర్యాద" అన్నాడు బర్మా భాషలో, నవ్వుతూ. ఊలే అని నన్ను బాబాయ్ వరస కలపడానికి వాడెవడు?

పై కోర్టులో మొదటి రోజే ఒక ఫోటో బయటికి తీశాడు.

ప్రమాదం జరిగిన వారానికి, నేను ఆస్పత్రిలో ఉండగా, లారీ కంపెనీ మేనేజరు తామ్వేలో మా ఇంటికొచ్చాడు. పళ్లెంలో కొబ్బరికాయ, అరటిపళ్లు పెట్టి మా అమ్మ ముందు వంగి దండం పెట్టాడు. బర్మా వాళ్ల పద్ధతిలో ఆ పళ్లెం అందుకుంటే క్షమించినట్టే. అమ్మకి తెలియక కాదు, ఈ ఊళ్లోనే పుట్టింది. కానీ కొబ్బరికాయ చూస్తే ఆమెకి ముందు దేవుడే గుర్తొస్తాడు. పీచు తీసి, పటాల ముందు కొట్టి, ఒక చెక్క మేనేజరు చేతిలోనే పెట్టింది. వెంట వచ్చినవాడు ఫోటో తీసుకున్నాడు. అమ్మ మీద ఆ కోపం నాకింకా ఉంది.

"క్షమించారు, పంచుకుని తిన్నారు. ఇంకా కేసేమిటి? కొట్టెయ్యండి" అన్నాడు లాయరు.

జడ్జి అమ్మని పిలిపించారు.

"ఏటి సెప్పమంటావు?" అని అడిగింది బయల్దేరేముందు.

"ఏటీ సెప్పకు. నోరు మూసుకో" అన్నాను.

మూసుకోలేదు. "ప్రసాదం ఇచ్చానయ్యా" అంది జడ్జితో, బర్మా భాషలో. "గుమ్మంలోకొస్తే దొంగకైనా ఇస్తాను. విరిగింది నా కాలు కాదు. క్షమించడానికి నేనెవర్ని?"

కేసు కొట్టెయ్యమన్న దరఖాస్తుని జడ్జి తోసిపుచ్చారు. వచ్చే వాయిదాకి నా సాక్ష్యం.

మెట్ల దగ్గర ఆ మేనేజరు అమ్మకి చెయ్యందించబోయాడు. చేతికర్ర అడ్డం పెట్టాను.

"సెయ్యి తియ్" అన్నాను, తెలుగులోనే. తీశాడు.

"ఏట్రా ఆ మొరటుతనం!" అంటూ అమ్మ కింది మెట్టు దాకా నన్నే తిట్టింది.