'బాగుంది' అనొద్దన్న జోగమ్మ మేడం

మిర్చి దిగే రోజుల్లో ఖమ్మం మార్కెట్ యార్డు పక్కనుంచి ఆటోలో వెళ్లడమంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లడమే. మొన్న సోమవారం అలాగే తుమ్ముకుంటూ డ్యూటీకి వెళ్తున్నాను. డ్రైవర్ ఫోన్ మోగింది. ఒక ఆడగొంతు సన్నగా సాగదీసి ఒక్కొక్క పేరే పిలవడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న ఇద్దరమ్మాయిలు భయం నటిస్తూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. వాళ్లు నవ్వుతున్నారని డ్రైవర్ ఫోన్ ఎత్తకుండా కాసేపు మోగనిచ్చాడు. అది పోయినేడాది వచ్చిన ఒక దయ్యం సినిమా రెండో భాగంలో పాట. నాకు మాత్రం అది పదకొండేళ్ల వయసు నుంచి తెలుసు. అప్పుడు అందులో దయ్యం లేదు.

నేను ఒక కోచింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. సెలవు దొరికితే కొత్త సినిమా చూసి, ఇంటికొచ్చి ఫోన్ ముందు కూర్చుని దాని గురించి మాట్లాడి వీడియో పెడతాను. బస్టాండులో నన్ను గుర్తుపట్టి పలకరించేవాళ్లు ఇప్పుడు కొంతమంది ఉన్నారు. సినిమా ఎవరైనా చూస్తారు. చూసింది చెప్పడం నాకు నేర్పిన మనిషి జోగమ్మ మేడం. ములకలపల్లి అవతల, అడవి అంచున మేం చదువుకున్న ఆడపిల్లల హాస్టల్‌కు ఆమె వార్డెన్. ఆమెదీ ఆ చుట్టుపక్కల అడవి ఊరే. మాది తండా. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో నోరు తిరగక బిక్కచచ్చిపోయి ఉండే నన్ను ఆమె సినిమాలతో మాట్లాడించింది.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో టీవీ పెట్టేవారు. సినిమా అయ్యాక పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడాలి. కోడిగుడ్ల కూర గిన్నె దగ్గర మేడమే గరిటె పట్టుకుని ఉండేది. ప్రతి పిల్లా సినిమాలో తాను చూసినది ఒక్కటి చెప్పాలి, చెప్తే గుడ్డు పడుతుంది. 'బాగుంది' అన్నా, 'బాగాలేదు' అన్నా వరుసలో చివరికి పోవాల్సిందే. మొదటి రెండు వారాలు నేను చివరికే పోయాను. మూడో వారం ఏడుపు సినిమా. అందరూ తల్లి కష్టాల గురించి చెప్తున్నారు. నా వంతు వచ్చేసరికి, ఆ తల్లి చీర చినిగింది కానీ చేతి గాజులు మాత్రం కొత్తవని గొణిగాను. మేడం గరిటె ఆపి నా మొహంలోకి చూసింది.

"అవ్, గిదీ చూసుడంటే. బాగుంది అనేటందుకు సినిమా ఎందుకే, బువ్వ తిన్నా గదే అంటరు గద," అని నా పళ్లెంలో రెండు గుడ్లు వేసింది.

ఆ రెండో గుడ్డు రుచి నన్ను ఇంతదాకా తెచ్చింది. అందుకే నా మీద నాకు ఇంత కోపం.

ఒక ఆదివారం సినిమా మధ్యలో కరెంటు పోయింది. పిల్లలం గోల చేస్తుంటే మేడం గోడకు ఆనుకుని కూర్చుని వాళ్ల భాషలో ఒక పాట అందుకుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే వాటిని ఏరడానికి అడవికి పోయే ఆడవాళ్లు పాడుకునే పాట అది. ముందు నడిచే మనిషి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది, పిలిచిన మనిషి 'వస్తున్నా' అని పలకాలి. జ్వరమొచ్చి రాలేనిదాన్నీ, కాన్పుకు పుట్టింటికి పోయినదాన్నీ కూడా వదలకుండా పిలుస్తారు. వాళ్ల బదులు పక్కనున్నది 'వస్తున్నది' అని పలుకుతుంది. ఊళ్లో ఎవరైనా చనిపోతే దినం నాడు ఆ పేరును చివరిసారి పిలిచి, అందరూ కలిసి పలుకుతారట. వాళ్లమ్మ పేరు అలాగే పిలిచారని చెప్పింది. ఆరోజు మా అందరి పేర్లూ పాటలో పెట్టి పిలిచింది. కరెంటు వచ్చినా ఎవరూ టీవీ వైపు తిరగలేదు.

ఉద్యోగంలో చేరాక కూడా ఆదివారం ఫోన్ తప్పేది కాదు. ఆమె కొత్తగూడెం పోయి సినిమా చూసేది, నేను ఖమ్మంలో చూసేదాన్ని, తర్వాత ఇద్దరం కలిసి దాన్ని చీల్చి చెండాడేవాళ్లం. పాటగాళ్ల జీవితకథలంటూ వరసగా వస్తున్న సినిమాలు చూసి ఆమెకు ఒకటే నవ్వు. అందులో హీరో ఎవరి దగ్గరా పాట నేర్చుకోడు, వాన పడితే చాలు దానంతటదే వస్తుంది అనేది. దయ్యాల సినిమాలకు రెండో భాగాలు తీసేవాళ్ల మీద ఇంకా కోపం. మొదటి భాగంలో తాను ఎందుకు చచ్చిందో రెండో భాగానికి దయ్యమే మరిచిపోతుందని తిట్టేది. నా వీడియోల్లో జనం మెచ్చుకున్న మాటలు సగం ఆమెవే. ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు నేను.

ఒకసారి మరో పాటగాడి కథ విడుదలైంది. అడవి పక్క ఊరి నుంచి పట్నం చేరి పెద్ద పేరు తెచ్చుకున్నవాడి కథ. మొదటి రోజే చూసిన మేడం, ఆదివారం కాకపోయినా ఫోన్ చేసింది. అందులో హీరో వానలో తడుస్తూ, వదిలిపోయిన ప్రియురాలి పేరు పెట్టి ఒక పాట కడతాడు. అది ఇప్పపూల పాట. రాగం అదే, పిలుపు అదే. పలికేవాళ్లు మాత్రం లేరు.

"దొంగ అని అనకు బిడ్డా. పాట ఎవలైనా పాడుకోవచ్చు. ఇది మా దిక్కు ఆడోళ్లు పూలకు పోతా పాడుకునే పాట అని ఒక్క మాట చెప్పు. నేను చెప్తే ఎవలింటరు, నువ్ చెప్తే ఇంటరు," అంది.

ఇన్నేళ్లలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. తప్పకుండా చెప్తానన్నాను. మర్నాడు ఆ సినిమా వాళ్లు ఖమ్మం వస్తే నన్నూ పిలిచారు. ముందు వరుసలో కుర్చీ వేశారు, హీరో పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. తర్వాతి సినిమాకూ పిలుస్తామన్నారు. అబద్ధమెందుకు, గాల్లో తేలిపోయాను. ఇంటికొచ్చి వీడియో తీసేటప్పుడు మేడం చెప్పమన్న మాట చెప్పాను కూడా. ఎడిటింగ్‌కు కూర్చున్నాక వాళ్లు ఏమనుకుంటారోనని ఆ ఒక్క ముక్కా కోసేశాను. వీడియో చివర నవ్వుతూ, సినిమా చాలా బాగుందన్నాను.

ఆ ఆదివారం ఫోన్ రాలేదు. చేయడానికి నాకు మొహం చెల్లలేదు.

కొన్ని నెలలకు కళ్లు చూపించుకోవడానికి ఆమె ఖమ్మం దవాఖానాకు వచ్చింది. ఏమీ జరగనట్టే నవ్వి, పని అయ్యాక సినిమాకు పోదామంది. ఆరోజు ఆడుతున్నది ఆ దయ్యం సినిమా రెండో భాగం. తీసింది పాటగాడి కథ తీసినవాళ్లే. అప్పుడు పాట జనంలోకి బాగా పోయింది కదా, ఇందులోనూ వాడుకున్నారు. జుట్టు విరబోసుకున్న అడవి మనిషి ఒకతె ఆ రాగంతో పేర్లు పిలుస్తుంది. పిలిచినప్పుడు పలికినవాళ్లు చస్తారు. హాలంతా కేకలు, ఈలలు. తెర మీద మొదటి పేరు పిలవగానే నా పక్కన మేడం, చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ కాబోలు, మెల్లగా పలికింది.

"వస్తున్నది."

ముందు వరుసవాళ్లు తిరిగి చూసి పగలబడి నవ్వారు. ముసలామె భలే కామెడీ చేస్తోందని ఒకడన్నాడు. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటర్వెల్ దాకా అలాగే కూర్చుంది. వాణ్ని నేను ఒక్క మాట అనలేదు.

లైట్లు వెలిగాక ఆమె నా వైపు తిరిగింది. కోపంగా లేదు. అన్నం వరుసలో నిలబడ్డ పిల్లని చూసినట్టే చూసింది.

"ఏం చూసినవో చెప్పు బిడ్డా."

నేను వంగి కుర్చీ కింద చెప్పుల కోసం వెతికాను. ఆమె "పోనీ, బాగుందా?" అని అడిగి లేచింది. సినిమా సగంలోనే వదిలి బస్టాండుకు వచ్చేశాం. బస్సెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని, ఎండలో తిరగకు అని మాత్రం చెప్పింది. అంత జరిగినా, నేను ఆ సినిమా మీద వీడియో పెట్టాను. వెన్నులో వణుకు పుట్టించే పాట అన్నాను. నా వీడియోల్లో జనం ఎక్కువగా చూసింది ఇప్పటికీ అదే.

ఆ వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. కబురు ఆలస్యంగా తెలిసి, దినం నాటికి వెళ్లాను. ఆడవాళ్లంతా వాకిట్లో కూర్చుని ఉన్నారు. పాట ఎప్పుడు మొదలుపెడతారా అని ఎదురుచూశాను. ఎంతసేపటికీ మొదలు కాకపోతే మేడం చెల్లెల్ని అడిగాను.

"ఇంకెక్కడి పాటమ్మా. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు జడుసుకుంటున్నరు, పలికితే సస్తమని ఏడుస్తున్నరు. సినిమాల చూసిన్రు గద. పోయిన ఎండకాలం పూలకు పోతుంటె కూడ పాడలె," అంది. తర్వాత, దూరం నుంచి వచ్చినదాన్నని నాకు ముందుగా అన్నం పెట్టించింది.

జోగమ్మ అనే పేరును ఎవరూ పిలవలేదు, ఎవరూ పలకలేదు. తిరిగొచ్చాక సిగ్గు విడిచి వీడియో చేశాను. ఈ పాట ఎవరిదో, ఎందుకు పాడేవారో, మేడం ఎవరో అంతా చెప్పాను. నేను కోసేసిన ముక్క సంగతీ దాచలేదు. కింద వచ్చిన మొదటి కామెంట్, మూడో భాగం ఎప్పుడొస్తుందక్కా అని. చాలావరకు అలాంటివే.

ఇప్పుడు ఏ సినిమా గురించైనా 'బాగుంది' అనను. చూసినది చెప్తాను, లేకపోతే ఊరుకుంటాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదని నాకూ తెలుసు. అసలు బాధ వేరే ఉంది. మొన్న ఆటోలో ఆ ఫోన్ మోగినప్పుడు, కరెంటు పోయిన హాల్లో గోడకు ఆనుకుని కూర్చున్న మేడాన్ని తలచుకోవాలని కళ్లు మూసుకున్నాను. ముందు కనిపించింది జుట్టు విరబోసుకున్న ఆ మనిషే. మేడం మొహం కోసం చాలాసేపు వెతుక్కోవాల్సి వచ్చింది. ఈలోపు డ్రైవర్ ఫోన్ ఎత్తి, వస్తున్నా అన్నాడు.